లెఫ్ట్ బ్యాక్ లేని టీము

ఈ ఏడు కూడా మా టీముకి లెఫ్ట్ బ్యాక్ లేడు. సెంటర్ ఫార్వర్డ్‌లు మాత్రం నలుగురున్నారు. ఒకడి కాలు బెణికితే ఇంకొకడు, వాడికి జ్వరమొస్తే మరొకడు. గోలు కొట్టడానికి ఇంతమంది ఎగబడుతుంటే, గోలు పడకుండా ఎడమవైపు కాపలా కాసేవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. దీన్ని టీమంటారా? పెళ్లికి వచ్చిన వాళ్లందరూ విస్తరి ముందు కూర్చుని, వడ్డించడానికి ఎవరూ లేవనట్టుంది మా వ్యవహారం.

మాది సముద్రం నడుమ దీవుల్లో డిగ్నాబాద్ పేట. నేనూ మా ఆయనా ఇనప సామాను కొట్టు నడుపుతాం. మేకులు తూస్తూ, పెయింటు డబ్బాలు దించుతూ నేను మాట్లాడేది ఫుట్‌బాల్ గురించే. తాళం కొనడానికి వచ్చినవాడు కూడా "దీదీ, ఇస్ సాల్ అప్నా టీమ్ కైసా హై?" అని, ఈ ఏడు మన టీమెలా ఉందని అడక్కుండా వెళ్లడు. అడిగాడా, ఇక వాడి పని అయిపోయినట్టే. తాళం చేతిలో పెట్టి, చిల్లర నా చేతిలోనే ఉంచుకుని, కీపరు దగ్గర మొదలుపెట్టి చివరి సబ్‌స్టిట్యూట్ వరకూ వినిపిస్తాను. మా ఆయనకి ఆటంటే పడదు. "నీ నోటికి భయపడి గిరాకీ పక్క కొట్టుకి పోతోంది" అంటాడు. పోతే పోనీ. పక్క కొట్టువాడికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలీదు.

పోయిన సీజన్లో చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాం. ఆఖరి మ్యాచి డ్రా అయింది కాబట్టి పై డివిజన్లో మిగిలాం. ఈసారి జారితే ఇక లేవడం ఉండదు. కింది డివిజన్ మ్యాచీలు ఎర్రటి ఎండలో పెడతారు, చూడ్డానికి కాకి కూడా రాదు. జనం రాని టీముకి జెర్సీలు కొనిచ్చేవాళ్లుండరు, బంతులిచ్చేవాళ్లుండరు. మా నాన్న కుర్రతనంలో పుట్టిన టీము అది. అటువంటిది నా కళ్ల ముందు మూతపడుతుందేమోనని నా భయం. ఆ భయం నాకొక్కదానికే ఎందుకుండాలి, కమిటీ వాళ్లకెందుకు లేదు అని నా కోపం.

కమిటీ సంగతి చెప్పాలంటే మా సీట్ల సంగతి చెప్పాలి. మా పేటలో అన్ని రకాల వాళ్లమూ ఉన్నాం. మా తాతలు సిక్కోలు సముద్రం ఒడ్డునుంచి వచ్చారు. పక్కింటి వాళ్లు బెంగాలీలు, ఎదురింటి వాళ్లు తమిళులు, సందు చివర మలయాళీలు, ఆ వెనక రాంచీ నుంచి వచ్చినవాళ్లు. టీము పెట్టినప్పుడు తగాదాలు రాకూడదని పెద్దలొక పద్ధతి పెట్టారు. తెలుగు వ్యాపారులు జెర్సీలివ్వాలి. బెంగాలీలు బంతులివ్వాలి. మ్యాచి రోజు భోజనం తమిళులది, బండి మలయాళీలది, గ్రౌండుకి సున్నం గీతలూ గోలు వలలూ రాంచీ వాళ్లవి. బదులుగా ఒక్కొక్కరికీ పదకొండు మందిలో ఒక సీటు. ఆ సీటులో ఎవరిని ఆడించాలో ఆ సంఘం వాళ్లిష్టం. కమిటీ అడ్డు చెప్పకూడదు.

పద్ధతి మంచిదే. కొట్టుకోకుండా ఇన్నేళ్లు కలిసి ఆడామంటే దాని పుణ్యమే. మా దీవుల్ని మినీ ఇండియా అంటారు, ఆ మాటంటే నాకూ గర్వమే. కానీ మినీ ఇండియా అంతా కలిసి సెంటర్ ఫార్వర్డ్ ఆడతానంటే ఎలా? ప్రతి సంఘమూ గోలు కొట్టేవాణ్ణే పంపుతుంది. తమ వాడు గోలు కొడితే తమ వాళ్లంతా లేచి చప్పట్లు కొట్టాలి, అదీ సంబరం. "మావాడు లెఫ్ట్ బ్యాక్" అని మీసం మెలేసిన తండ్రిని నేనింతవరకూ చూళ్లేదు. సీటు లేని స్థానాల్లో ఉన్న కీపరూ, వాడి ముందు నడిమధ్య కాపు కాసే స్టాపర్లిద్దరూ, మిడ్‌ఫీల్డు కుర్రాళ్లూ నికార్సయిన ఆటగాళ్లు. టీము నిలబడ్డది వాళ్ల మీదే. మిగిలినదంతా పంపకం.

మరి ఇన్నాళ్లూ లెఫ్ట్ బ్యాక్ ఆడిందెవరు అంటారా? మా తమ్ముడు.

తెలుగు సీటు వాడిది. వాడూ సెంటర్ ఫార్వర్డుగానే మొదలుపెట్టాడు. పాతికేళ్లప్పుడు వాడు బంతి తీసుకుని పరిగెడుతుంటే గ్యాలరీలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. ముప్ఫై దాటాక పరుగు తగ్గింది, మిడ్‌ఫీల్డుకి జరిపారు. అక్కడా ఆయాసం రావడంతో ఇంకా వెనక్కి, ఖాళీగా ఉన్న ఎడమ మూలకి తోశారు. వాడిది కుడికాలు. కుడికాలి మనిషిని ఎడమవైపు నిలబెడితే బంతి దొరికిన ప్రతిసారీ లోపలికి తిరగాలి, తిరిగేలోపు ఎదుటివాడు మీద పడతాడు. పైగా ఇప్పుడు వాడికి ముప్ఫై ఎనిమిది. మోకాలి మీద పట్టీ లేనిదే దిగడు. పోయిన సీజన్లో మేము తిన్న గోల్స్‌లో సగానికి పైగా వాడి వైపునుంచి వచ్చినవే. నా తమ్ముడు కదా అని నేను లెక్క మార్చి చెప్పను. గ్యాలరీలో కూర్చుని అందర్నీ తిట్టేదాన్ని, వాణ్ణి తిట్టకపోతే నా తిట్లకి విలువేముంటుంది?

ఈ వానలకి ముందు ప్రోతరాపూర్‌లో మావాళ్లింట్లో సత్యనారాయణ వ్రతమైతే బస్సులో వెళ్లాను. ప్రసాదం ఆకులో పెట్టిచ్చారు. తింటూ పెరట్లోకొస్తే వెనక ఖాళీ స్థలంలో కుర్రాళ్లు ఆడుతున్నారు. ఎడమవైపు ఉన్నవాడి మీద నా కన్ను పడింది. ఎక్కువ పరిగెత్తడం లేదు. బంతి ఎక్కడికొస్తుందో అక్కడ ముందే నిలబడి ఉంటున్నాడు. అందుకున్నాక తల పైకెత్తి చూసి, ఎడంకాలితో తిన్నగా ముందున్నవాడి పాదాల దగ్గర పెడుతున్నాడు. తల పైకెత్తి చూడ్డం! మా నలుగురు సెంటర్ ఫార్వర్డ్‌లూ పుట్టాక ఒక్కసారైనా తల పైకెత్తలేదు. ప్రసాదం ఆకులోనే ఉండిపోయింది. ఆట ఆగగానే వెళ్లి పలకరించాను.

ఉత్తరాన ఉన్న మాయాబందర్ నుంచి వచ్చాడట. తాతలనాడు అక్కడికొచ్చి స్థిరపడ్డ కరెన్ తెగవాళ్ల అబ్బాయి. మోటారు వర్క్‌షాపులో పనికి కుదిరి, ఇక్కడ పిన్ని గారింట్లో ఉంటున్నాడు.

"ఏ టీముకి ఆడుతున్నావ్?" అని హిందీలో అడిగాను.

"కిసీ కో నహీ, దీదీ. కోయీ బులాయా నహీ" అన్నాడు. ఎవరూ పిలవలేదట!

తిరుగు బస్సులో నాకు కాలు నిలవలేదు. ఎన్నేళ్లనుంచో వెతుకుతున్నది పెరటి వెనక దొరికింది. మర్నాడే టీము సెక్రటరీ సాబ్‌ని కొట్టుకి పిలిపించాను. ఆయన రిటైరయిన మనిషి, నెమ్మదస్తుడు, ఎవర్నీ నొప్పించడు. టీముకి పట్టిన సగం పీడ ఆ నెమ్మదితనమే. అంతా విని, స్టూలు మీద సర్దుకుని, "లడ్కా అచ్ఛా హోగా, దీదీ. లేకిన్ కిస్‌కే సీట్ పే?" అన్నాడు. కుర్రాడు మంచివాడే కావచ్చు, ఎవరి సీటులో వెయ్యాలి?

నిజమే. మా పేటలో కరెన్ వాళ్లు లేరు, వాళ్ల సంఘం మాకేమీ ఇవ్వలేదు, వాళ్లకి సీటు లేదు. ఇక ఆ ఎడమ మూల ఉన్నది తెలుగు సీటు. ఆయన మెల్లగా నా వంక చూసి, "లెఫ్ట్ బ్యాక్ తో ఆప్‌కా భాయీ హై నా?" అన్నాడు, అక్కడున్నది మీ తమ్ముడే కదా అని.

నాకు తెలియదా? ఆయన చెప్పేదాకా నోరెత్తలేకపోయాను, అంతే.

తమ్ముడు జెట్టీలో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. సాయంత్రం ఇంటికెళుతూ మా కొట్టులో టీ తాగి వెళ్లడం వాడి అలవాటు. ఆ రోజు టీ ఇచ్చి, చుట్టూ తిప్పకుండా అనేశాను.

"ఒరే, ఈ సీజన్ నువ్వు తప్పుకోరా."

"ఏటక్కా, ఎందులోంచి?"

"టీములోంచి."

గ్లాసు కింద పెట్టాడు. "ఎవులన్నారు?"

"నేనే అంటున్నాను. ఎడంకాలోడు ఒకడు దొరికాడు. నువ్వుంటే వాడికి చోటు లేదు. నువ్వున్నా ఈ ఏడు మనం జారిపోతాం, నీకూ తెలుసు."

"ఊరోలు అంటే పడతానక్కా. ఆలకేటి, నోటికొచ్చింది అంతారు. నువ్వు కూడానా?" అని టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

తర్వాత కొన్నాళ్లు కొట్టు ముందునుంచే బండి మీద వెళ్లేవాడు, ఆపేవాడు కాదు. మా మరదలు వారానికోసారైనా చేపల పులుసు పంపేది, అదీ ఆగిపోయింది. మా ఆయన "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. సొంత తమ్ముణ్ణే తీసేయమనే మనిషిని నిన్నే చూశాను" అన్నాడు. నేను పట్టు వదల్లేదు. ఆట గురించి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

ఒక ఆదివారం పొద్దున్నే వాడే వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నిన్న ప్రోతరాపూర్ ఎల్లానక్కా. ఆణ్ణి సూసాను. నిజంగా ఎడంకాలోడే. నాకంటే బాగా ఆడతాడు. నాను తప్పుకుంతాను. కానీ ఆడే రావాల. ఆ సీటులోకి ఇంకోడొస్తే నానొప్పుకోను" అన్నాడు.

నేను లోపలికి రమ్మన్నాను. రాలేదు. తనే సెక్రటరీకి చెబుతానని వెళ్లిపోయాడు. ఆ క్షణం వాణ్ణి చూస్తే నాకెంత గర్వమనిపించిందో, అంత పెద్ద గోలు వాడు పాతికేళ్లప్పుడు కూడా కొట్టలేదు.

తరువాతి ఆదివారం క్లబ్బు గదిలో కమిటీ కూర్చుంది. మామూలుగా ఆడవాళ్లం అటు వెళ్లం. తమ్ముడికి సన్మానమన్నారు కాబట్టి నేనూ మరదలూ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాం. తమ్ముడు మాయాబందర్ అబ్బాయిని కూడా రమ్మన్నాడు. అతను బూట్లు ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు.

తమ్ముడు లేచి రెండు ముక్కలు చెప్పాడు. ఒంట్లో సత్తువ తగ్గిందనీ, తన చోట ఆడటానికి మంచివాణ్ణి తీసుకొచ్చాననీ, బయట కూర్చున్నాడనీ హిందీలో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తెలుగు సంఘం పెద్దాయన శాలువా కప్పాడు. హోల్‌సేల్ వ్యాపారి, జెర్సీలు ఆయన చేతి మీదుగానే వస్తాయి. దండ వేశారు, ఫోటో తీశారు, స్వీట్లు పంచారు. మరదలు కళ్లు తుడుచుకుంది. నేను అరుగు మీదున్న అబ్బాయిని లోపలికి పిలుద్దామని తిరిగేసరికి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"తెలుగు సీటు ఖాళీ అయింది కాబట్టి మా మేనల్లుణ్ణి పంపుతున్నాం" అన్నాడు.

మేనల్లుడు ఎవరనుకున్నారు? సెంటర్ ఫార్వర్డ్. అయిదోవాడు!

నాకు ఒళ్లు మండిపోయింది. గుమ్మం దాటి లోపలికెళ్లిపోయాను. "అదేంటండీ, మాకు కావలసింది లెఫ్ట్ బ్యాకండీ" అన్నాను.

"ఆడతాడులే అమ్మాయ్. అదేమంత పని, పరిగెత్తడమే కదా. మీ తమ్ముడు పెద్దమనసు చేసుకుని మన తెలుగువాళ్లకి సీటు వదిలాడు. దాన్ని ఎవరికో ఎలా ఇస్తాం?"

"తెలుగువాళ్లకి వదల్లేదండీ. లెఫ్ట్ బ్యాక్‌కి వదిలాడు."

సెక్రటరీ సాబ్ గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. బెంగాలీ పెద్ద, తమిళ పెద్ద, అందరూ తల దించుకున్నారు. ఇవాళ తెలుగు సీటు మీద మాట్లాడితే రేపు తమ సీటు మీద మాట పడుతుంది. తిలా పాపం తలా పిడికెడు. నేను తమ్ముడి వంక చూశాను. వాడు శాలువా అంచు పట్టుకుని, "ఐతే నాను తప్పుకోను. నాను ఒప్పుకున్నది ఆ అబ్బాయి కోసం" అన్నాడు.

పెద్దాయన నవ్వాడు. కోపంగా కూడా కాదు, ముద్దుగానే నవ్వాడు. "శాలువా కప్పేశాం కదయ్యా. కప్పించుకున్నవాడు మళ్లీ నిక్కరేసుకుని దిగితే జనం నవ్వరూ? ఫోటో కూడా అయిపోయింది."

సెక్రటరీ సాబ్ కూడా, "సహీ బాత్ హై, దీదీ. సమ్మాన్ హో గయా" అన్నాడు. సన్మానం జరిగిపోయిందట. దేశంలో ఎక్కడైనా ఆటగాడికి దెబ్బ తగిలితే ఆట ఆగుతుంది. మావాడికి శాలువా తగిలి ఆగింది. రెంటికీ చెడ్డ రేవడంటే ఇదే.

తమ్ముడే బయటికెళ్లి ఆ అబ్బాయికి చెప్పాడు. అతను లేచి, "కోయీ బాత్ నహీ, భయ్యా" అని సంచీ తీసుకుని బస్సు దొరుకుతుందో లేదోనని గబగబా నడిచిపోయాడు. వారం తిరక్కుండా ఇంకో పేట టీము అతన్ని ఎగరేసుకుపోయింది. వాళ్లకి సీట్లూ శాలువాలూ లేవు. నోటి దురుసు కోచ్ ఒకడున్నాడు, ఆటొచ్చినవాణ్ణే దింపుతాడు.

మా సెక్రటరీ సాబ్ మాత్రం కొట్టుకొచ్చి, ఈసారి అటాక్ బలంగా ఉంది, కప్పు మీద కన్నేశాం అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం. నేను ఆయనడిగిన నట్లూ బోల్టులూ కట్టిచ్చి, చిల్లర వెంటనే ఆయన చేతిలో పెట్టేశాను. అది చూసి ఆయనే కంగారుపడ్డాడు.

మొదటి మ్యాచే ఆ అబ్బాయిని ఎగరేసుకుపోయిన టీముతో పడింది. తమ్ముడు వస్తాడనుకోలేదు. నేను గ్యాలరీలో ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని ఉంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడు గ్యాలరీలో కూర్చోవడం చిన్నప్పటి తర్వాత అదే మొదటిసారి. ఎక్కడ కాళ్లు పెట్టుకోవాలో తెలియనట్టు కదులుతూనే ఉన్నాడు. కింద మేనల్లుడుగారు లెఫ్ట్ బ్యాక్‌లో నిలబడ్డారు. నిలబడ్డమంటే విజిల్ ఊదేదాకానే. ఊదగానే ముందుకు దూసుకుపోయి అయిదో సెంటర్ ఫార్వర్డ్ అయిపోయాడు. వెనక ఎడమ పక్కంతా ఖాళీ. హాఫ్ టైమ్‌కే రెండు గోల్స్ తిన్నాం, రెండూ అటునుంచే. అవతలి పక్క మాయాబందర్ అబ్బాయి ఆడుతున్నాడు. మా నలుగురు ఫార్వర్డ్‌లనీ ఒక్కడే ఆపుతున్నాడు. తల పైకెత్తి చూస్తున్నాడు.

హాఫ్ టైమ్‌లో పల్లీల పొట్లం కొని సగం తమ్ముడి చేతిలో పోశాను. వాడు తినలేదు. అడక్కుండా ఉండలేక, "ఆ పెద్దాయన మీద కోపంగా ఉందిరా?" అన్నాను.

"ఆయన మీదేటుంది? ఆయనకి ఆట తెల్దు."

"మరి?"

"నీకు తెలుసు కదక్కా."

"తెలుసు కాబట్టే చెప్పాను. నేను చెప్పింది అబద్ధమా? చూడు, ఆ అబ్బాయి ఎలా ఆడుతున్నాడో చూడు."

"అబద్ధమని నానన్నానా? నిజమే సెప్పినావ్." పల్లీలు ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి మార్చుకున్నాడు. "ఇంకో ఏడు ఆడుకునేవాణ్ణక్కా. పడిపోయే టీములోనైనా ఆడుకునేవాణ్ణి."

ఎవరేమన్నా నా దగ్గర జవాబుంటుంది. పొట్లం మడత పెట్టుకుంటూ కూర్చున్నాను. నేను చెప్పింది తప్పు కాదు, ఇప్పటికీ కాదు. అయినా నాకు ఏడుపొచ్చింది, వాడికి కనపడకుండా ముఖం అటు తిప్పుకున్నాను.

రెండో సగం మొదలైంది. మేనల్లుడు మళ్లీ ముందుకు పరిగెత్తాడు. అవతలివాళ్లు బంతి లాక్కుని మా ఎడమవైపుకి కొట్టారు. తమ్ముడు దిగ్గున లేచి నిలబడ్డాడు. పల్లీలు మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. చేతులు రెండూ నోటి చుట్టూ పెట్టుకుని "ఎనక్కి రా! ఒరే, ఎనక్కి రారా!" అని గొంతు చించుకుని అరిచాడు.

గ్యాలరీలోంచి ఎంత అరిచినా గ్రౌండులోకి వినపడదని నాకు ఎప్పుడో తెలుసు. గ్యాలరీకి కొత్త కదా, వాడికి ఇంకా తెలీదు.